దిగే చోటు

ఆ ముసలి మగ గుర్రం పదిహేనేళ్లు బారాత్‌లలో పెళ్లికొడుకులను మోసింది. పక్కటెముకలు తేలి రోడ్డు మీద పడి ఉంటే జమీల్ తెచ్చి, అమీర్‌పేటలోని షెడ్డులో మేపుతున్నాడు. ఇక మీద ఎవరినీ ఎక్కించొద్దని డాక్టర్ చెప్పాడు. అందుకే రోజూ ట్రాఫిక్ తగ్గాక పగ్గం పట్టుకుని ఎర్రమంజిల్ దాకా నడిపించి, పెళ్లి హాళ్ల ముందు ఆగే పాత అలవాటు మాన్పిస్తున్నాడు.

ఆ రాత్రి తాళం వేసిన ఒక ఫంక్షన్ హాల్ ముందు గుర్రం ఆగింది. తల దించి, ఎవరో ఎక్కేదాకా కదలకుండా నిలబడ్డట్టు నిలబడింది.

"గా బారాత్‌లు అయిపోయినయ్ బేటా, ఇగ ఫికర్ లేదు. నడువు," అన్నాడు జమీల్.

నడిచింది. కానీ డెక్కల చప్పుడు బరువుగా మారింది. జమీల్ తడిమి చూస్తే వీపు కిందికి కుంగి ఉంది.

షెడ్డు కుడివైపు సందులో ఉంది. గుర్రం ఎడమకు తిరిగింది. పగ్గం ఎంత లాగినా ఆగలేదు. తాను ఎన్నడూ చూడని జమీల్ ఇంటి ముందుకే వెళ్లి, మళ్లీ తల దించింది. కుంగిన వీపు మెల్లగా పైకి లేచింది. గుర్రం పొడుగ్గా ఊపిరి వదిలింది.

చప్పుడు విని కూతురు అల్ఫియా తలుపు తీసింది.

"మస్తు లేటైంది గదా అబ్బా," అంటూ నవ్వబోయి, జమీల్ పక్కన ఎవరో కొత్త మనిషి ఉన్నట్టు అటు చూసి, గబగబా చున్నీ తల మీదికి లాక్కుంది.