ఏడో సీటు అక్క

"ఇంకొక్క కాల్ మధ్యలో తెగితే రేపట్నుంచి రావద్దన్నాడు మేనేజరు, తమ్ముడూ," అంది కాల్ సెంటర్లో ఏడో సీటు అక్క, చెవుల మీంచి హెడ్‌ఫోన్ తీయకుండానే.

"రౌటర్‌కేం రోగం లేదు. ఈవిడకే మాట్లాడటం రాదు," అనేసి మేనేజరు తన అద్దాల గదిలోకి పోయాడు. రౌటర్ బాగుచేయడానికొచ్చిన నాకు ఒళ్లు మండింది.

గొంతుక్కూర్చుని వైర్లు ఒక్కొక్కటే పీకాను. ప్రింటర్‌ది పీకాను, మార్పు లేదు. బిల్లింగ్ గదిది పీకాను. అక్క ఇంకా "హలో, హలో" అని గొంతు చించుకుంటూనే ఉంది. చివరికి, ఏ చీటీ అంటించని నల్ల వైరు పీకాను.

"ఆఁ, ఇప్పుడు చక్కగా వినిపిస్తోందండీ, చెప్పండి," అంది అక్క. నెట్ లైనంతా ఈ ఒక్క వైరే మింగేస్తోందన్నమాట.

అద్దాల తలుపు దబాల్న తెరుచుకుంది. మేనేజరు చేతిలో ఫోనుతో ఊడిపడ్డాడు.

"ఎవడ్రా కెమెరా ఆపింది? ఈవిడ పనిచేస్తోందో లేదో పొద్దున్నించీ ఫోన్లో చూస్తుంటే!"

తలెత్తాను. నల్ల వైరు గోడెక్కి, సరిగ్గా అక్క నెత్తిమీదున్న కొత్త కెమెరాలో ఆగింది.

రిపోర్టు కాగితంలో 'కాల్స్ తెగడానికి కారణం' అన్నచోట 'మేనేజరు గారి కాపలా' అని రాసి, సంతకం పెట్టమని ఆయన చేతికే ఇచ్చాను.