నా బండి కారదు

నాలుగింటిలోపు చేయాల్సిన పనులు ఇవి: ఇంజిన్ని కిరోసిన్‌తో కడగాలి. పొడిగుడ్డతో తుడవాలి. అతుకుల మీద పౌడరు చల్లాలి. పావుగంట నడిపి, తడి ఎక్కడ పుడుతుందో చూడాలి. ప్లగ్గు విప్పాలి. సైలెన్సర్ ఊడదీయాలి. తాత నోరు మూయించాలి.

చివరిది ఎవరివల్లా అయ్యే పని కాదు.

"నా బండి కారదు!" అన్నాడు తాత మెట్టు మీద కూర్చుని. పొద్దున్నుంచి అది ఇరవయ్యోసారి. "ముప్పై రెండేళ్లుగా చూస్తున్నా. ఒక్క చుక్క కారిందని ఎవడైనా రుజువు చేస్తే మీసం తీసేస్తా."

"చుక్కేమిటి, కింద మడుగే ఉంటే!" అంది నానమ్మ గుమ్మం పక్కన కుట్టుమిషన్ మీంచి తలెత్తి. "ఈ ఇనప సవతిని ఎప్పుడు సాగనంపుతార్రా? దీని కంపుకి తల పగిలిపోతోంది."

నాన్న నెల కిందటే తేల్చేశాడు. డెబ్భై రెండేళ్ల మనిషికి మోటారుబండి వద్దు, అమ్మేద్దాం అని. తాత ఎగిరాడు, అరిచాడు, ఒక పూట అన్నం మానేశాడు. ఇంట్లో చెల్లేది నాన్న మాటే.

కొనడానికి ఇద్దరొచ్చారు. ఇద్దరూ బండి కింద నూనె చూశారు. కిక్ కొట్టగానే వెనక నుంచి లేచిన నీలం పొగ చూశారు. ఇంజిన్ అయిపోయింది పొమ్మని వెళ్లిపోయారు. ఇవాళ మూడో ఆయన వస్తున్నాడు. పాత బండ్లంటే ప్రాణమట. ఇంజిన్ బాగుందంటే చాలు, ఇప్పుడే తోలుకుపోతానన్నాడు.

బాగుందో లేదో చెప్పాల్సింది మనవరాలు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. అదీ మెకానికల్. ఆమె చెప్పిందే తీర్పు.

"ఇంజినీరమ్మా, దీని ఆరోగ్యం బాగుందని నిరూపించు," అన్నాడు తాత.

"నిరూపిస్తే బండి పోతుంది తాతా."

"పోనీ. మచ్చ లేకుండా పోతుంది. కావాలంటే నన్ను తాగుబోతనండి, పడతాను. నా ఇంజిన్ నూనె తాగుతుందంటే మాత్రం ఊరుకోను."

ఆమె కడిగింది. తుడిచింది. పౌడరు చల్లి పావుగంట నడిపింది. హెడ్డు దగ్గర, కింద గేర్ల పెట్టె దగ్గర, ఎక్కడ చూసినా పౌడరు చల్లింది చల్లినట్టే తెల్లగా ఉంది. ఒక్క తడి చార కూడా లేదు.

ప్లగ్గు విప్పింది. నూనె కాల్చే ఇంజిన్‌లో ప్లగ్గు నల్లగా జిడ్డోడుతూ ఉంటుంది. ఇది బిస్కెట్ రంగులో పొడిగా ఉంది. నూనె మట్టం చూసింది. కారుతోంది, కాలుతోంది అని నెలరోజులుగా గోల. లోపల నూనె మాత్రం వెంట్రుకవాసి తగ్గలేదు.

సైలెన్సర్ ఊడదీసింది. ఇంజిన్ వైపు పొడి. తోక వైపు తడి.

ఆమె చేతిలో పానా ఆగిపోయింది. ఈ నూనె ఇంజిన్లోంచి వచ్చింది కాదు. ఎవరో వెనక నుంచి పోశారు. కింద మడుగూ వాళ్ల పనే.

"తాతా... నువ్వేనా?"

తాత లేచి నిలబడ్డాడు.

"నేనా? నా బండి మీద నేనే నిందేయించుకుంటానా? వద్దనుకుంటే గునపం పెట్టి పగలగొడతా గానీ, దాని పరువు తీస్తానటే?"

ఆమె నమ్మింది. తప్పయిపోయిందంది. అన్నీ శుభ్రం చేసి బిగించింది. కిక్ కొడితే పొగ లేదు, వాసన కూడా లేదు. తాత చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఇద్దరూ జిడ్డు చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లారు.

నాలుగింటికి కొనేవాడు వచ్చాడు. నాన్న కిక్ కొట్టాడు.

నీలం పొగ గోడెత్తు లేచింది. బండి కింద కంచమంత మడుగు.

"చెప్పానా!" నానమ్మ చేతులు తిప్పుతూ బయటికొచ్చింది. "తీసుకుపో నాయనా, నీకు దణ్ణం పెడతా. ఏముందీ, రోజుకి ఓ గరిటెడు నూనె పోసుకుంటే చాలు, బంగారంలా నడుస్తుంది!"

కొనేవాడు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఏమ్మా, చదువుకున్నదానివి. నువ్వు చెప్పు. పైపై రోగమా, లోపలిదా?"

మనవరాలు కూర్చుని మడుగులో వేలు ముంచింది. ఇంజిన్లో తిరిగిన నూనె నల్లగా ఉంటుంది. ఇది నీళ్లలా తేటగా, పల్చగా ఉంది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. కావాల్సినదానికన్నా కాసేపు ఎక్కువే అలా కూర్చుంది. తరవాత లేచింది.

"లోపలిదేనండీ. రింగులు పోయాయి. బోరు అరిగింది. కొనొద్దు."

చదువుకున్నాక ఆమె చెప్పిన మొదటి అబద్ధం అది.

కొనేవాడు నడిచి వచ్చిన దారినే నడిచి వెళ్లిపోయాడు. తాత ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు కూడానా ఇంజినీరమ్మా! విప్పు మళ్లీ! నా కళ్ల ముందు విప్పు!"

"విప్పను." ఆమె నాన్న వైపు తిరిగింది. "ఇంకెవరినీ పిలవకు నాన్నా. ఎందరొచ్చినా ఇదే చెబుతా. ఈ బండి ఈ ఇల్లు దాటదు."

నాన్న ఆమె ముఖం చూసి, తాళం చెవి మేకుకి తగిలించేశాడు.

వారం తిరక్కుండా తాత మళ్లీ బండెక్కాడు, వీధి వీధంతా ఆ మొండిమనిషిని చూసి చప్పట్లు కొట్టింది; మీరు మాత్రం, కుట్టుమిషన్ నూనె డబ్బా వీపు వెనక దాచుకుని, ఆ మొండిమనిషి వెనక సీట్లో తన చోటు ఎవరికీ అమ్మనివ్వని నానమ్మని గుర్తుంచుకోండి.