బాపయ్య సొంత కష్టం

అద్దంకి పెళ్ళి నుంచి వస్తూ, బస్సు దిగీ దిగగానే బాపయ్య ఆకాశం వంక చూసి పంచె ఎగ్గట్టాడు. పడమట మబ్బు కమ్ముకొచ్చింది. రోడ్డు పక్కనే తన కల్లంలో మిరపకాయలు ఎర్రగా, నిండుగా ఆరబోసి ఉన్నాయి. ఏడాది కష్టమంతా అదే. తడిస్తే రంగుపోయి తాలుకాయ కింద సగం ధరే కడతారు.

జేబులో ఫోను మోగింది. భార్య రాఘవమ్మ.

"వానొస్తందని ఈవిడ చెప్పాలా నాకు!" అని ఫోను నొక్కేసి కల్లంలోకి ఉరికాడు.

పక్క చేను కౌలుకు చేసే కోటేష్ అక్కడే నిలబడి, కోటప్పకొండ వైపు తిరిగి దణ్ణం పెడుతున్నాడు.

"ఏందిరా ఈ పూజ?"

"వానకి కప్పడానికి నా దగ్గర ఒక్క పట్టా కూడా లేదు బాబాయ్. స్వామి మీదే భారం వేశా."

"గాల్లో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నాడంట నీబోటిగాడే! మనిషన్నాక తన రెక్కల్ని నమ్ముకోవాలిరా!"

బాపయ్య అన్నంత పనీ చేసే మనిషే. ఏ కష్టమొచ్చినా దేవుణ్ణీ పిలవడు, మనిషినీ పిలవడు. ఆ మధ్య పన్ను నొప్పెడితే డాక్టరెందుకని తనే పీక్కున్నాడు. తీరా చూస్తే ఊడింది పక్క పన్ను. అయినా నమ్మకం సడలలేదు.

మొలతాడుకున్న తాళంచెవితో కొట్టం తెరిచి పట్టాలు బయటికి ఈడ్చాడు.

"బాబాయ్, అసలీ కాయ..."

"కాయ సంగతి నాకు చెప్పమాక! నువ్వు పుట్టక ముందు నుంచీ పండిస్తన్నా."

"పోనీ నేనూ ఓ చెయ్యి..."

"ముట్టుకున్నావంటే ఊరుకోను! నా కష్టం నాది. నువ్వు పోయి దణ్ణం పెట్టుకో."

కోటేష్ బుద్ధిగా పోయి పెట్టుకున్నాడు.

ఈదురుగాలికి పట్టా పైకి లేచింది, దాన్ని పట్టుకున్న బాపయ్య కూడా లేచాడు. కాయల్లో బోర్లా పడ్డాడు. కళ్ళు భగ్గుమన్నాయి. తుమ్ముతూ, తిట్టుకుంటూ, అంచుల మీదికి రాళ్ళు దొర్లిస్తూ మొత్తం కప్పేశాడు. మధ్యలో రాఘవమ్మ మళ్ళీ ఫోన్ చేసింది, మళ్ళీ నొక్కేశాడు. ఆఖరి రాయి పెట్టడమూ, వాన దబదబా కురవడమూ ఒక్కసారే జరిగాయి.

వాన వెలిసింది. బాపయ్య పట్టా అంచు ఎత్తి చూశాడు. గలగలలాడే కాయ! గర్వంతో గుండె ఉప్పొంగింది.

"చూశావంట్రా నా రెక్కల మహిమ? మీ స్వామి కొండ దిగొచ్చి ఒక్క పట్టా అన్నా కప్పాడా?"

కోటేష్ కళ్ళు చెమర్చాయి. "కప్పాడు బాబాయ్" అంటూ వంగి బాపయ్య కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

పాపం, దిగులుతో మతి పోయినట్టుందని బాపయ్య జాలిపడ్డాడు. ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఠీవిగా ఎత్తాడు.

"భయపడమాకే! వానకి నేను తడిశా గానీ, మన కాయ ఒక్కటీ తడవలా!"

"ఎట్టా తడుస్తదయ్యా? అది చెప్దామనే కదా ఇందాకట్నుంచీ ఫోన్ చేస్తంది!" అని అరిచింది రాఘవమ్మ. "మన కాయ పొద్దున్నే కోల్డ్ స్టోరేజీకి పోయింది, ఖాళీ అయిన కల్లంలో నేను పోసుకోమన్న కాయ కోటేష్‌ది!"