నాలుగు గుప్పెళ్ల చక్కెర

హారన్ ఆగడం లేదు.

గేటు కడ్డీ ఎత్తి అరనిమిషమైనా తెల్ల కారు కదలలేదు. రాజయ్య సెక్యూరిటీ కేబిన్‌లోంచి బయటికొచ్చి చూశాడు. సి బ్లాకు ఏడో అంతస్తులో ఉండే శ్యామ్, స్టీరింగు మీద వాలిపోయి ఉన్నాడు. అతని ఛాతీ బరువుకే హారన్ మోగుతోంది.

రాజయ్య తలుపు తీసి, భుజం పట్టి వెనక్కి వాల్చాడు. గుప్పున బీరు వాసన కొట్టింది. లోపల ఏసీ చల్లగా నడుస్తున్నా చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"శ్యామ్ సార్! ఓ సార్!"

"నువ్వా... గేటు... తియ్యి..." నాలుక మడతపడింది.

అటుగా వచ్చిన అసోసియేషన్ సెక్రటరీ భీమేశ్వరరావు కారులోకి తొంగి చూసి ముక్కు మూసుకున్నాడు.

"మధ్యాహ్నం మూడింటికే ఈ అవతారమా! ఆఫీసు పార్టీ నుంచి వస్తున్నట్టున్నాడు. కారు పక్కన పెట్టించు రాజయ్యా, మత్తు దిగాక ఆయనే వెళతాడు. ఇంట్లో ఆవిడకి ఫోన్ చెయ్యనా?"

"నేను జేస్త సార్. మీరు పోన్రి, నేను జూసుకుంట."

భీమేశ్వరరావు తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్లిపోయాడు.

శ్యామ్‌ని చూస్తే రాజయ్యకు ఒళ్లు మండుతుంది. మూడు నెలల కిందటి దాకా రాజయ్య భార్య సక్కుబాయి ఆ ఇంట్లోనే వంట చేసేది. ఒకరోజు ఉంగరం కనబడలేదని శ్యామ్ ఆమెను ఇదే గేటు దగ్గర నిలబెట్టాడు. వచ్చేపోయేవాళ్లంతా చూస్తుండగా సంచీ కుమ్మరించమన్నాడు, కొంగు విదిలించమన్నాడు. "మీ జాతే అంత" అన్నాడు. నాలుగు రోజులకు ఆ ఉంగరం కారు సీటు కింద దొరికింది. ఆ సంగతి కారు తుడిచే మనిషి చెబితే తెలిసింది గానీ శ్యామ్ నోటి నుంచి ఒక్క మాట రాలేదు. సక్కుబాయిని మళ్లీ ఏ ఇంటివాళ్లూ పనికి పిలవలేదు. ఆమె ఆ తర్వాత ఈ వైపే రాలేదు.

రాజయ్యనూ అతను వదిలిపెట్టలేదు. మెడికల్ షాపు నుంచి ఐసు ముక్కలు పెట్టి వచ్చే డబ్బా కేబిన్‌లో పది నిమిషాలుంటే చాలు, మీదికొచ్చేవాడు.

"షుగర్ ఇంజెక్షన్‌రా అది! ఒళ్లు తగ్గడానికీ అదే. పాడైతే నా ప్రాణానికి నువ్వు పూచీనా?"

రాజయ్య వయసు యాభై ఎనిమిది. శ్యామ్‌కు నలభై నిండలేదు.

ఇప్పుడు శ్యామ్ పెదాలు వణుకుతున్నాయి. కళ్లు తేలిపోతున్నాయి. రాజయ్యకు ఆ డబ్బాలు గుర్తొచ్చాయి. అటూ ఇటూ చూశాడు. ఎండకు రోడ్డు మీద ఒక్క మనిషి లేడు.

కేబిన్‌లోకి పరుగెత్తాడు. చాయ్ కోసం దాచుకున్న చక్కెర లోటాలో నాలుగు గుప్పెళ్లు వేసి, నీళ్లు పోసి వేలితో కలిపి తెచ్చాడు.

"తాగు సార్."

ఒక గుక్క మింగి శ్యామ్ మొహం తిప్పుకున్నాడు. "తీపి... వద్దు... నాకు షుగరు..."

"ఎరుకే. తాగు."

తల ఎత్తి పట్టుకుని కొద్దికొద్దిగా పోశాడు. మింగేదాకా ఆగి మళ్లీ పోశాడు. లోటా అడుగున కరగకుండా మిగిలినదాన్ని వేలితో తీసి చిగుళ్లకు రాశాడు. అంతా అయ్యాక లోటా శుభ్రంగా కడిగి బోర్లించాడు.

కాసేపటికి శ్యామ్ భార్య రసజ్ఞ పరుగెత్తుకుంటూ వచ్చింది. భీమేశ్వరరావు ఫోన్ చేశాడట.

"ఏమైందండీ ఈయనకి?"

"తాగొచ్చిండమ్మా" అన్నాడు రాజయ్య.

ఆమె అదే కారులో అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది.

ఆ సాయంత్రం ఖాజాగూడలోని ఇంట్లో రాజయ్య కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"ఏంది, గట్ల కూసున్నవ్?" అంది సక్కుబాయి. "ఆ శ్యామ్ సార్ పానం మీదికొచ్చిందంట గదా. ఎట్లున్నడో ఏమో."

"నాకేం ఎరుక!" కసిరాడు రాజయ్య.

సోమవారం పొద్దున భీమేశ్వరరావు నుంచి ఫోన్ వచ్చింది.

"రాజయ్యా, శనివారం నువ్వు చేసిందంతా గేటు కెమెరాలో రికార్డయింది. క్లబ్ హౌస్‌కి రా. అందరూ ఉన్నారు."

సక్కుబాయిని నిలబెట్టినట్టే తననూ నిలబెడతారు. రాజయ్య క్లబ్ హౌస్ మెట్లెక్కాడు.

హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. మధ్యలో కుర్చీలో శ్యామ్. అతన్ని చూడగానే రాజయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. శ్యామ్ లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఆ ఇంజెక్షన్‌తో ఆకలే ఉండదండీ నాకు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు. షుగర్ మాత్ర మాత్రం వేసుకున్నాను. దాని మీద మూడు బీర్లు తాగాను. షుగర్ ఒక్కసారిగా పడిపోయిందట. ఇంకాస్త ఆలస్యమైతే నేను లేచేవాణ్ణి కాదన్నారు డాక్టరు గారు."

"అందరూ తాగి పడ్డాడనే అనుకున్నారు. మీరొక్కరే కనిపెట్టారు" అంది రసజ్ఞ ఏడుస్తూ.

భీమేశ్వరరావు శాలువా కప్పాడు. చప్పట్లు మోగాయి.

"సక్కుబాయి గారిని దొంగ అన్నాను. ఈ రోజే మీ ఇంటికొస్తాను. ఆవిడ కాళ్లు పట్టుకుంటాను" అన్నాడు శ్యామ్.

రాజయ్య చేతులు విడిపించుకోబోయాడు. శ్యామ్ వదల్లేదు.

"డాక్టరు గారు కూడా అడిగారండీ. ఆ క్షణంలో చక్కెర నీళ్లే పట్టాలని మీకెలా తట్టింది?"

రాజయ్య గుమ్మం వైపు చూశాడు.

షుగరున్నవాడు చక్కెర తాగితే చస్తాడనుకున్నాడు.