కాయిల్ వైరు

"ఇదుగో, ఇవాళ స్టార్టవుతుంది చూడు," అంటూ ఆయన పాత జీపు తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమంది గానీ అందుకోలేదు.

బానెట్ ఎత్తి చూస్తే, నిన్న తను బిగించిన కాయిల్ వైరు లేదు.

"ఇక్కడి వైరు చూశావా?"

షెడ్డు గుమ్మంలో నిలబడ్డ భార్య పిడికిలి విప్పింది. వైరు ఆమె చేతిలోనే ఉంది.

"పిచ్చా నీకు? తుక్కు కొట్లోంచి తెచ్చిన బండి ఇన్నాళ్ళకి ఓ కొలిక్కొచ్చింది. ఇవాళ్టితో పూర్తయ్యేది కదా!"

"పూర్తయితే?"

ఆయనకు అర్థం కాలేదు.

"అబ్బాయి ముచ్చటపడి ఆ తుక్కు కొట్లో కొన్న బండి. వాడు పోయాక మీరు ఇంట్లో ఒక్కసారైనా వాడి పేరెత్తలేదు. నేనెత్తితే లేచి వెళ్ళిపోతారు. దీని కిందికి దూరాక మాత్రం 'స్పానర్ ఇటివ్వరా నాన్నా, లైటు సరిగ్గా పట్టుకోరా' అంటూ ఒకటే కబుర్లు. వంటింట్లోకి వినిపిస్తాయండీ. రోజూ పొయ్యి కట్టేసి మరీ వింటున్నాను."

ఆమె జీపు వైపు చూసింది.

"ఇది రోడ్డెక్కేస్తే, వాడితో ఇంకెక్కడ మాట్లాడతారు?"

ఆయన వైరు తీసుకోలేదు. ఆమె పిడికిలిని మళ్ళీ మూసి, నెమ్మదిగా బండి కిందికి దూరాడు. అక్కడ బిగించాల్సిందేమీ మిగల్లేదు.

"స్పానర్ ఇటివ్వరా నాన్నా," అంటూ చెయ్యి బయటికి చాపాడు.

ఆమె వంగి, ఆ చేతిలో స్పానర్ పెట్టింది.