దొరకని పళ్ళచక్రం

"ఇవాళైనా కుదిరిందాండీ?"

కొట్టు మెట్టెక్కుతూనే అడిగింది రాజరాజేశ్వరి. అడుగుతూ అడుగుతూ కొంగు చాటున ఉన్న మంగళసూత్రాలను గుప్పిట్లో పట్టుకుంది. వారం వారం వస్తుంది. ప్రతిసారీ అదే ప్రశ్న, అదే పట్టు.

"లేదమ్మా," అన్నాడు బాలనర్సయ్య, కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి బల్ల మీద పెడుతూ. "గా ఒక్క పళ్ళచక్రం లేకనే ఆగింది. కడమ సామానంత ఉన్నది. అంగీ గుండీ అంత ఉంటది, నడుమ బొక్క, సుట్టూ పండ్లు. ఇంట్ల మంచిగ దేవులాడిన్రా?"

"అన్నిచోట్లా వెతికానండి. ఊడ్చిన చెత్త కూడా జల్లెడ పట్టాను." ఆమె కళ్ళు మూసుకుని సూత్రాలను కళ్ళకద్దుకుంది. పాపం, ఏ దేవుడికి మొక్కుకుంటోందో అనుకున్నాడతను.

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన, రెండు మొబైల్ దుకాణాల మధ్య ఇరుక్కున్న కొట్టు అది. పాత జపాన్ స్పోర్ట్స్ కార్లంటే పడిచచ్చేవాళ్ళు డ్యాష్‌బోర్డు గడియారం ఆగిందంటే అక్కడికే వస్తారు. అలాంటి బాలనర్సయ్యను ఈ ఒక్క గడియారం ఏడిపించుకు తింటోంది. రాజరాజేశ్వరి భర్త సుబ్రహ్మణ్యం విశాఖ పోర్టులో ఇంజనీరుగా ఉన్నప్పుడు వేలంలో కొనుక్కున్న కారుది. ఎప్పుడో ఆగిపోయింది. రిటైరై గోపన్‌పల్లి అపార్టుమెంటుకు వచ్చాక తానే బాగుచేస్తానంటూ భోజనాల బల్ల మీద దాన్ని విప్పి పరిచాడు. అంతలోనే ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. ఆ ముక్కలన్నీ ఏరి, పోపుల డబ్బాలో సర్ది, రాజరాజేశ్వరే ఇక్కడికి మోసుకొచ్చింది.

"దసరా దాటరన్నారండి డాక్టర్లు," అని మొదటిరోజే చెప్పింది. "ఆయనేమో, ఆ గడియారం చప్పుడు విన్నాకే పోతానని మొండికేశారు."

దసరా వెళ్ళింది. ఉగాది కూడా వెళ్ళింది. డాక్టర్లే ఆశ్చర్యపోయారు. మనిషి ఎముకల గూడై అక్కడ మంచంలో, గడియారం గుల్లై ఇక్కడ బల్ల మీద.

బాలనర్సయ్య పడని తిప్పలు లేవు. జపాన్‌లో పాత సామాను అమ్మేవాళ్ళకు ఫొటోలు పంపించాడు. ఆ రకం గడియారమే దొరకడం లేదన్నారు, ఇక దానిలో చక్రం ఎక్కడ దొరుకుతుంది? చివరికి ఇత్తడి రేకు కోసి, ఆకురాయితో రాసి రాసి, తానే ఒక చక్రం చేశాడు.

"జర ఆగమ్మా. ఇది పెట్టి చూస్త. లోపల దుమ్మున్నది, పిన్నీసుందా?"

అడగడమే ఆలస్యం, ఆడవాళ్ళ అలవాటు కదా, ఆమె అటు తిరిగి సూత్రాలకు తగిలించుకున్న పిన్నీసుల్లోంచి ఒకటి తీసి ఇచ్చింది. మళ్ళీ కొంగు నిండా కప్పుకుంది. అతను ఆ మొనతో దుమ్ము లాగి, చక్రం బిగించి, బ్యాటరీ తీగలు ఆనించాడు.

టిక్. టిక్. టిక్.

"నడుస్తున్నదమ్మా!" అని కేకపెట్టాడు బాలనర్సయ్య.

రాజరాజేశ్వరి ముఖంలో నెత్తురు చుక్క లేదు. బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. సంతోషం పట్టలేక అనుకున్నాడతను. అంతలో ఒక పన్ను జారింది, గడియారం ఆగిపోయింది. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

"నా చేతుల్ల మన్నువడ! కొలత తప్పింది." బాలనర్సయ్య తల పట్టుకున్నాడు. ముక్కలన్నీ మళ్ళీ పోపుల డబ్బాలో వేశాడు. "ఇగ నాతోని కాదమ్మా. డబ్బా తీస్కపోయి వేరేటోళ్ళకు చూపియ్యి."

"వద్దండీ!" ఆమె డబ్బాను అతని వైపే నెట్టింది. "మీకు పుణ్యముంటుంది, వెనక్కి మాత్రం ఇవ్వకండి. ఇక్కడే ఉండనివ్వండి. ఇంకా చేస్తున్నారని చెబితే చాలు, ఆయనకదే ధైర్యం."

ఆమె వెళ్ళాక అతనికి అన్నం సయించలేదు. చావబోయే మనిషికి లేని ఆశ పెట్టి ఎన్నాళ్ళు ఈడుస్తాడు? మర్నాడు మధ్యాహ్నం కొట్టు మూసి, పోపుల డబ్బా పట్టుకుని గోపన్‌పల్లి బయలుదేరాడు. కాదని తానే ఆయన ముఖం మీద చెప్పేస్తే పీడా పోతుందనుకున్నాడు.

సుబ్రహ్మణ్యం ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. డబ్బా చూడగానే ఆ కళ్ళల్లో వెలుగొచ్చింది.

"నడిచిందా నర్సయ్యగారూ?"

"లేదు సారూ. గా చక్రం దొరుకుతలేదు, నాకు చెయ్యొస్తలేదు. మాఫ్ చెయ్యుండ్రి."

సుబ్రహ్మణ్యం చూపు పైకప్పు మీదికి తిప్పుకున్నాడు. "ఒళ్ళంతా పచ్చిపుండులా ఉందండి. పక్కకు తిరగాలన్నా భయం. ఆ చప్పుడొక్కటి వింటే కళ్ళు మూసుకుందామని నా ఆశ." దగ్గు తెర వచ్చింది. తగ్గడానికి చాలాసేపు పట్టింది. "సరే, ఏం చేస్తాం. నడిచేదాకా ఉంటా. మీరు మాత్రం వదిలెయ్యకండి."

వదిలేయడానికే వచ్చిన బాలనర్సయ్య సరేనని తలూపాడు. ఇంత నరకంలో ఒక మనిషి ప్రాణాన్ని కట్టి ఉంచింది తన చేతగానితనమే కదా అనిపించి కళ్ళనీళ్ళు తిరిగాయి. డబ్బాను మళ్ళీ చంకలో పెట్టుకుని హాల్లోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"పాపం నాదేనమ్మా. గంత చిన్న చక్రం చెయ్యరాక సారును గోసపెడుతున్న."

"మీ పాపమేం లేదండి," అంది రాజరాజేశ్వరి. లోపలి గదిలోంచి వస్తున్న దగ్గులో ఆమె మాట సగం వినిపించలేదు.

కాఫీ గ్లాసు అతని ముందున్న బల్ల మీద పెట్టడానికి వంగింది. కొంగు జారింది. సూత్రాలు ముందుకు ఊగాయి.

పుస్తెల పక్కన, పిన్నీసుకు గుచ్చి, ఆ పళ్ళచక్రం ఉంది.