బొటనవేలెడు లోపలికి

శ్రీనివాసులు రాస్తున్న పట్టిక పక్కన ఎవరో గుప్పెడు చింతపిక్కలు పోశారు.

తలెత్తి చూస్తే ఎదురుగా ఒక మనిషి. భుజాన నల్ల కంబళి, మోకాళ్ల దాకా దుమ్ము.

"ఏందప్పా ఇది?"

"మా ఊరి జనం సామీ. నలభై మంది. మనిషికొక పిక్క."

పంతొమ్మిది వందల యాభై రెండు, కరువు ముదిరిన వేసవి. ఏ ఊరికి గంజి బండి పోవాలో పట్టికలు రాయడం కర్నూలు కచేరీలో శ్రీనివాసులు పని. తాలూకా పేరు అంచున, అందులోని ఊర్ల గుంపు, అంటే ఫిర్కా పేరు బొటనవేలెడు లోపలికి, ఊరి పేరు ఇంకో బొటనవేలెడు లోపలికి. ఏది దేని కిందికి వస్తుందో ఆ ఎడాన్ని బట్టే తెలియాలి. పదేళ్లుగా తన పట్టికలో తప్పన్నది లేదని మనవాడికి మహా గర్వం.

"నా పేరు ఈరప్ప. మాది బొంతరాళ్లపల్లె. జనం లేని ఊర్ల కింద మా పేరుండాదంట. గంజి బండి రాల్యా."

"నా రాతలో తప్పా? పోప్పా, పో. తాసిల్దారునడుగు." పిక్కల కుప్ప చూసి నవ్వొచ్చింది. "ఇంతకీ ఈ నలభైలో నువ్వుండావా?"

"నన్ను నేను ఏసుకోలేదు సామీ."

మరుసటి సోమవారం మళ్లీ వచ్చాడు. ఈసారి ఇరవై మూడు పిక్కలు.

"మిగతావాళ్లు?"

"నడవగలిగినోళ్లు వలస పోయినారు. ముసిలోళ్లు కొందరు ఊర్లోనే సచ్చిపోయినారు."

అతను వెళ్లాక శ్రీనివాసులు నకలు కాగితం తీశాడు. 'జనం లేని గ్రామాలు' అని శీర్షిక. దాని కింద బొటనవేలెడు లోపలికి మూడు పేర్లు. నాలుగోది బొంతరాళ్లపల్లె. ఆ పేరు మళ్లీ బయటికి, జనమున్న ఊర్ల వరుసలోకి రావాలి. రాలేదు. ఆ గుండ్రటి అక్షరాలు తనవే.

అసలు ప్రతి పైకి పోయి నెలన్నర అయింది. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుంది, ఉద్యోగమూ పోవచ్చు. కాగితం మడిచి పెట్టెలో పెట్టేశాడు. సిగ్గేసింది, అయినా పెట్టేశాడు.

మూడో సోమవారం పదకొండు పిక్కలు.

మిట్టమధ్యాహ్నం. శ్రీనివాసులు చెమట కాగితం మీద పడి సిరా చెదురుతోంది. ఈరప్ప ముఖాన ఒక్క చెమట చుక్క లేదు.

"ఇరవై మైళ్లు నడిచొచ్చినావు. ముందు నీళ్లు తాగప్పా."

"ఊరోళ్లు తాగినాక సూద్దాం సామీ."

పిక్కలు చేతిలోకి తీసుకున్నాడు శ్రీనివాసులు. ఆ ఎండలోనూ అవి చల్లగా ఉన్నాయి. వాటిని కుడి జేబులో వేసుకున్నాడు. నకలు కాగితం పట్టుకుని పెద్ద అధికారి గదిలోకి నడిచాడు.

"తప్పు నాదే సార్. ఉద్యోగం తీసేసినా సరే, ఆ ఊరికి బండి పంపండి."

అధికారి నానా మాటలూ అన్నాడు, చివరికి సంతకం పెట్టాడు. శ్రీనివాసులు బయటికి వచ్చేసరికి ఈరప్ప లేడు.

మర్నాడు గంజి బండి వెంట తనే వెళ్లాడు.

బొంతరాళ్లపల్లెలో తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ఒక్క కుక్కా మొరగలేదు. చావడి నీడన కొందరు గోడకు ఆనుకుని కూర్చున్నారు. గంజి పోసిన ప్రతిసారీ శ్రీనివాసులు ఒక పిక్క కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చాడు. చివరి గిన్నె గిడ్డమ్మ అనే ముసలామెది. కుడి జేబులో చివరి పిక్క కూడా అప్పుడే అయిపోయింది.

"ఈరప్ప యాడమ్మా? పదకొండు మందని సరిగ్గా లెక్క చెప్పినాడు. ఆయప్పకూ పోయాల గంజి."

ముసలామె గిన్నె కింద పెట్టేసింది.

"నా కొడుకు నీకెట్ల తెలుసు సామీ?"

"మూడు సోమవారాలుగా నా కాడికి వస్తానే ఉండాడు గదా!"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మీ కచేరీలో అడిగొస్తానని బయలెల్లినోడు, నెల కిందటనే దోవలో ఓర్వకల్లు రాతిగుండ్ల కాడ పడి పాణం ఇడిసినాడు సామీ, నీ కచేరీ గడప తొక్కనే లేదు నా కొడుకు."